బోరు లారీ వచ్చిన దోవ

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు నడుం వాల్చుదామనుకుంటుండగా గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే రాజేశ్వరి. మా పల్లెలో మా ముందింటి పిల్ల, మునెప్ప పెదనాయన కూతురు. పిల్ల అంటున్నాను గానీ నా ఈడుదే, ఇద్దరికీ తల నెరిసింది. పుంగనూరు అవతలి మా పల్లె నుంచి మదనపల్లెకు బస్సులో వచ్చి, ఆ ఎండలో మా వీధి దాకా నడిచి వచ్చింది. మంచినీళ్ళిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండానే కూర్చుంది.

"భాస్కర గోడ కడతాండాడు మే. మా తోటకు బండి పోయే దోవకు అడ్డంగా."

భాస్కర నా తమ్ముడు. ఊరి వెనక కొత్తగా పెద్ద రోడ్డు పడింది. దాంతో ఎవరికీ పట్టని మా మెట్టచేను రోడ్డు పక్క జాగా అయిపోయింది. దాన్ని ఎవరో కల్యాణ మండపం కట్టడానికి అడుగుతున్నారని నాకు తెలుసు. అమ్మకానికి నా సంతకం కూడా కావాలని తమ్ముడు ఫోన్లో చెప్పాడు, సరేనన్నాను. ఆ చేలో నుంచి రాజేశ్వరి వాళ్ళ తోటకు ఒక బండిదోవ ఉందనే సంగతి ఆ క్షణాన నాకు గుర్తే రాలేదు.

"కాయితం సూపించు అంటాడు. నేను యాడినుంచి తెచ్చేది? మీ అవ్వ చెప్పింది, మా నాయన సరే అన్నాడు. ఆ పొద్దు ఆడ ఉన్నోళ్ళల్లో మిగిలింది నువ్వూ నేనే గదా. భాస్కర అప్పటికి సంకలో బిడ్డ, వానికేం తెలుసు?"

ఆమె కొడుకు టమోటా పెట్టాడట. కోత మొదలైంది. గోడ లేచిన రోజు నుంచి క్రేట్లు తల మీద మోసుకుని ఇంటి ముందు వీధిలోకి తేవలసి వస్తోందట. ఆ వీధి సంగతి నాకు తెలియనిది కాదు. ఇటు మెట్లూ అటు అరుగులూ ముందుకొచ్చేసి ఇప్పుడక్కడ ఆటో కూడా తిరగదు. కాయ మెత్తబడితే మార్కెట్టులో ఎవరూ కన్నెత్తి చూడరు. ఇదంతా చెప్పి, నన్ను ఏమీ అడగకుండానే రాజేశ్వరి లేచి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక నేను ఒకచోట కూర్చోలేకపోయాను. వాకిట్లోకీ వంటింట్లోకీ ఊరికే తిరిగాను. పొయ్యి మీద పాలు పొంగి పోయినా ఎవరో పక్కింట్లో పొంగించుకున్నట్టు చూస్తూ నిలబడ్డాను.

మా తాతా, మునెప్ప పెదనాయన వాళ్ళ నాయనా అన్నదమ్ములు. ఇల్లు పంచుకున్నప్పుడు పెద్దాయనకు వీధి వైపు భాగం వచ్చింది, మా తాతకు వెనక భాగమూ, దానికి ఆనుకున్న చేనూ వచ్చాయి. మేము వీధిలోకి పోవాలంటే పెదనాయన ఇంటి గోడకూ పశువుల కొట్టానికీ మధ్య సందులోంచి పోవాలి. జాగా వాళ్ళది, నడక మాది. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. బిందెలు, గడ్డిమోపులు, పెండ్లికూతుళ్ళు, పీనుగులు అన్నీ ఆ సందులోంచే పోయేవి. రెండు గోడల మధ్య ఎప్పుడూ నీడ ఉండేది. పేడ వాసన, తడిసిన మట్టి వాసన, కొట్టంలో నానబెట్టిన తవుడు వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేది.

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. వెనక గదిలో పురుగుల తట్టలుండేవి. మల్బరీ ఆకు వేసిన కాసేపటికి ఆ గదంతా సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. అది పురుగులు ఆకు తినే చప్పుడు. నిద్రలో కూడా ఆ చప్పుడు వినిపించకపోతే మా అమ్మకు మెలకువ వచ్చేసేది. పొగాకు గాలి తగిలితే పురుగులు చచ్చిపోతాయి. మా అవ్వ పాపమ్మకేమో ఆకూ వక్కా పొగాకూ లేనిదే పొద్దుపోదు. అందుకని ఆమె నమిలేదంతా సందులో కూర్చునే. పని తెమిలాక సందు మలుపులో బండ మీద చేరేది. అటువైపు నుంచి మునెప్ప పెదనాయన భార్య చెంగమ్మ పెద్దమ్మ వచ్చేది. వాళ్ళిద్దరిదీ అత్తాకోడళ్ళ వరస, కూర్చుంటే మాత్రం ఒక ఈడు వాళ్ళలాగే ఉండేవాళ్ళు. ఒకరి సంచిలో వక్క ఇంకొకరు తీసుకునేవాళ్ళు. తర్వాత అవ్వ నోరు పుక్కిలించి, చేతులు బూడిదతో రుద్దుకుని, చీర కూడా మార్చుకుని గానీ పురుగుల గది వైపు పోయేది కాదు.

గొడవ రాగి వెన్నులతో మొదలైంది. పెదనాయన సందులో వెన్నులు ఆరబోశాడు. మా ఎనుము నీళ్ళకు పోతూ వాటిని తొక్కి, నోటికందినంత తినేసింది. అరుపులు విని మేమంతా బయటికొచ్చాం.

"కండ్లు కనపడవా కిష్టప్పా? పండిన పంట మీద తోలుకొస్తావా?" అన్నాడు పెదనాయన.

"నడిచే దోవలో ఆరబోసుకుంటే ఎనుముకు ఏం తెలుసన్నా?" అన్నాడు మా నాయన.

"దోవ ఎవురిది? నా జాగాలో నడస్తా నాకే చెప్తాండావా?"

అక్కడితో ఆగి ఉంటే రెండు రోజుల్లో సర్దుకునేది. మా నాయనకు కోపమొస్తే మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు. "మీ నాయన మా నాయన నోట్లో మన్ను కొట్టి ముందిల్లు తీసుకున్నాడు. ఇప్పుడు నువ్వు దోవ కూడా మింగు" అన్నాడు. చనిపోయిన తండ్రిని అనేసరికి పెదనాయన ముఖం నల్లబడిపోయింది. మర్నాడు పొద్దున మేము లేచేసరికి కూలీలను పెట్టి సందు మొదట్లో రాతి కూసాలు నాటిస్తున్నాడు. మనిషెత్తు రాళ్ళు, వాటి మధ్య చెయ్యి దూరేంత ఖాళీ మాత్రమే.

ఊరి పెద్దలు కూర్చున్నారు. పెదనాయన ఒకటే మాట. "వాళ్ళకు ఎనక సేనుండాది, వంక ఉండాది. నేనేమన్నా గాల్లో ఎగరమన్నానా?" మా నాయన పుంగనూరు కోర్టులో దావా వేశాడు. వాయిదాకు పోయిన ప్రతిసారీ తెల్లచొక్కాతో పోయి, నలిగిన చొక్కాతో వచ్చేవాడు. వచ్చిన రోజు అన్నం సరిగా తినేవాడు కాదు. వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. కూసాల దాకా పోయి, చేత్తో ఒక రాయిని తట్టి వెనక్కి వచ్చేవాడు. మాకు ఆటలు కూడా తోచేవి కాదు. రాజేశ్వరీ నేనూ బళ్ళో పక్కపక్కన కూర్చుని, ఇంటికి మాత్రం వేరువేరు దోవల్లో వచ్చేవాళ్ళం.

మా దోవ వంక మీదుగా, అంటే ఊరి పక్క వాగు మీదుగా. చేని గట్టు పట్టుకుని పోయి, వంకలో దిగి, అవతల ఎక్కి, ఊరంతా చుట్టి వీధిలోకి రావాలి. ఎండాకాలం పర్వాలేదు. వాన పడితే వంకలో బురద మోకాళ్ళ దాకా వచ్చేది. పురుగులు గూళ్ళు కట్టే సమయంలో వాటిని వెదురు చంద్రికల మీద వేస్తాం. అవి ఒక్కొక్కటీ తలుపంత ఉంటాయి. వాటిని గాలికీ ఎండకూ వీధిలో నిలబెట్టడానికి ఇక దోవ లేదు. గూళ్ళు తయారయ్యాక మదనపల్లె మార్కెట్టుకు సమయానికి చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పురుగు గూడు తొలుచుకుని బయటికి వచ్చేస్తుంది, ఆ గూడు ఇక పట్టుకు పనికిరాదు. మా నాయన మూటలు నెత్తిన పెట్టుకుని వంక దాటుతుంటే, వెనక అమ్మ చంకలో భాస్కరను వేసుకుని ఇంకో మూట మోసేది. ఒకసారి ఆమె జారి పడింది. బిడ్డకు ఏమీ కాలేదు గానీ మూట నీళ్ళలో తడిసిపోయింది. ఆ రోజు మా నాయన ఎవరినీ తిట్టలేదు. అది చూసి మాకు ఇంకా భయమేసింది.

అవ్వ మాత్రం వంక దోవ తొక్కనంది. "నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చింది ఆ సందులోనే. ఇప్పుడు వంకలో పడి దొంగ మాదిరి పోయేదాన్ని కాదు. దోవ తీసినప్పుడే ఇల్లు కదిలేది" అంది. అన్నట్టే కదల్లేదు. జాతరకు పోలేదు, పెండ్లిండ్లకు పోలేదు. సాయంకాలం సంచి పట్టుకుని కూసాల దగ్గరికి పోయి కూర్చునేది. అటువైపు చెంగమ్మ పెద్దమ్మ వచ్చి కూర్చునేది. మొగవాళ్ళు మాట్లాడుకోకపోయినా, రాళ్ళ సందుల్లోంచి వక్కలు అటూ ఇటూ పోతూనే ఉండేవి.

రామకుప్పం దగ్గర పల్లెలో అవ్వ చెల్లెలు ఉండేది. ఆమె పోయిందని మనిషి వచ్చి చెప్పాడు. నాయన బండి కట్టిస్తానన్నాడు, వంక దాకా ఎత్తుకుని పోతానన్నాడు. అవ్వ వినలేదు. లేచి కూసాల దగ్గరికి పోయి, వాటికి తల ఆనించి ఏడ్చింది. చెంగమ్మ పెద్దమ్మ రాళ్ళ మధ్య నుంచి చెయ్యి పెట్టి అవ్వ చెయ్యి పట్టుకుంది. "పోయి సూసిరా అత్తా, నా మాట ఇను" అని బతిమాలుతూనే ఉంది. పెదనాయన తన వాకిట్లో నిలబడి అంతా చూశాడు. ఆ పొద్దు రాళ్ళు తీసేస్తాడనే అనుకున్నాం. తీయలేదు. మునుపటి కంటే ఎక్కువగా తలుపు మూసుకుని లోపలే ఉండసాగాడు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. మా బావిలో ఊట కాస్త మిగిలింది, పెదనాయన బావి మాత్రం అడుగంటింది. ఆయన మల్బరీ తోట ఎండి కట్టెలయింది. అప్పు చేశాడో, ఏమమ్మాడో తెలియదు, తమిళనాడు నుంచి బోరు లారీ పిలిపించాడు. అది ఊరి వీధిలోకి తిరగలేదు. ఆయన తోట మా చేనికి ఆనుకునే ఉంది గనక, వంక దాటి మా చేలోంచి పోవడం తప్ప దానికి వేరే దారి లేదు. పొద్దున్నే లారీ వంక ఒడ్డున వచ్చి ఆగింది. ఊరంతా చూడ్డానికి వచ్చింది. పెదనాయన లారీ పక్కన నిలబడ్డాడు, మా నాయన చేని గట్టు మీద నిలబడ్డాడు. అడగాల్సిన వాడు అడగడు, ఇవ్వాల్సిన వాడు ఇవ్వడు.

చివరికి ఎవరో మధ్యవర్తిగా వచ్చి అడిగితే నాయన అన్నాడు. "ముందు పోయి రాళ్ళు పీకమనండి. ఆ తర్వాతే లారీ."

"పీకను" అన్నాడు పెదనాయన, వంక వైపు చూస్తూ.

డ్రైవరు విసుక్కుంటున్నాడు. ఇంకో ఊళ్ళో పని ఉందని, పోతానని ఇంజను వేశాడు. చెంగమ్మ పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు జనంలో కదలిక కనబడింది. వెనక్కి చూస్తే అవ్వ. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కర్ర ఆనించుకుంటూ మా చేని గట్టు మీద వస్తోంది. అన్నాళ్ళ తర్వాత ఎండలోకి వచ్చిందేమో, కళ్ళు చికిలించుకుంటోంది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే వద్దంది. వంక దాకా వచ్చి, దిగి, లారీ ముందు నిలబడింది.

"నువ్వు రాప్పా. సేను నాది. నేను రమ్మంటాండా" అంది డ్రైవరుతో.

"అమ్మా, నువ్వు పక్కకు పో. నీకు తెలీదు" అన్నాడు నాయన.

"నాకేం తెలీదురా? నీళ్ళు లేని ఇంట్లో ఆడది ఎట్ల బతకతాదో నీకు తెలుసా? ఆ రాళ్ళకాడ రోజూ కూసుండేది నేను. చెంగమ్మ మొగం సూసేది నేను. జరుగు."

"ఇన్నాళ్ళూ ఈ దోవన రానంటివి గదమ్మా" అన్నాడు నాయన. కోర్టులూ వాయిదాలూ పట్టుకుని ఆయన తిరిగిందంతా అవ్వ అన్న ఆ మాట కోసమేనని నాకిప్పుడు అనిపిస్తుంది.

"రానంటిని. ఇప్పుడు వస్తిని. అయితే ఏమి?" అంది అవ్వ. నాయన గట్టు దిగి పక్కకు జరిగాడు.

లారీ మా చేను అడ్డంగా దున్నుకుంటూ పోయింది. పొద్దుగూకే దాకా బోరు వేశారు. నేల అదిరింది, పురుగుల గదిలో తట్టలు గడగడలాడాయి. తెల్లటి రాతిపొడి మబ్బులాగా లేచి అన్నిటి మీదా పడింది. మనుషుల రెప్పలు తెల్లబడ్డాయి. నీళ్ళు పడలేదు. తడి మట్టి కూడా రాలేదు. పెదనాయన చాలనే దాకా ఆ పొడి ఒకటే వచ్చింది. లారీ వెళ్ళిపోయాక ఆయన ఆ పొడి కుప్ప పక్కనే కూలబడ్డాడు.

మాకు వేరే ప్రమాదం వచ్చిపడింది. పొడంతా చేని పక్కనున్న మా మల్బరీ తోట మీద పేరుకుపోయింది. పురుగులు బాగా తినే దశలో ఉన్నాయి, ఆ ఆకు వేస్తే చస్తాయి. కడుగుదామంటే తడి ఆకు కూడా వేయకూడదు. అమ్మ తల పట్టుకుంది. అప్పుడు చెంగమ్మ పెద్దమ్మా రాజేశ్వరీ పాత చీరముక్కలు పట్టుకుని మా తోటలోకి వచ్చారు. ఎవరూ పిలవలేదు. కొమ్మలు దులిపి, ఒక్కొక్క ఆకూ తుడిచి తట్టలో వేయడం మొదలుపెట్టారు. మేమూ కూర్చున్నాం. అవ్వ కూడా చాప మీద కూర్చుని తుడిచింది. ఎవరూ గొడవ గురించి మాట్లాడలేదు. ఆకు ముదిరిందనీ లేతగా ఉందనీ, ఇట్లాంటి మాటలే. కొన్ని పురుగులు చచ్చాయి, ఎక్కువ భాగం నిలిచాయి.

తట్టలు మోసుకుని ఇంటి వెనక నుంచి వస్తుంటే గడ్డపార చప్పుడు వినబడింది. పెదనాయన ఒక్కడే రాళ్ళు పీకుతున్నాడు. ఒళ్ళంతా ఇంకా తెల్లగానే ఉంది. నీళ్ళు పడి ఉంటే కృతజ్ఞతతో తీశాడనుకునేవాళ్ళం. ఏమీ పడని రోజున ఎందుకు తీశాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. నాయన కాసేపు చూసి, పోయి రెండో పక్క పట్టుకున్నాడు. చివరి రాయి ఒరిగాక పెదనాయన అవ్వ వైపు తిరిగి, "సిన్నమ్మా, మీ చెల్లెలు పోయినప్పుడే తీయాల్సింది" అన్నాడు. అవ్వ మా నాయనను దగ్గరికి పిలిచింది. "ఒరే కిష్టప్పా, లారీ వచ్చిన దోవ ఇంక దున్నబాకు. వాళ్ళ బండ్లు అట్ల పోనీ, మనం ఇట్ల పోతాము" అంది. సరే అన్నాడు పెదనాయన. మా నాయన తలూపాడు. దావా వెనక్కి తీసుకుంటే వకీలు మాత్రం చాలా నొచ్చుకున్నాడట.

రాజేశ్వరి వచ్చి వెళ్ళిన నాలుగో నాడు నేను ఊరికి పోయాను. గోడ నడుమెత్తు లేచి ఉంది. సిమెంటు ఇటుకలు, తాడు కట్టి కొలిచి కట్టిన గోడ. భాస్కర నన్ను చూసి సంతోషపడ్డాడు. సంతకానికే వచ్చాననుకున్నాడు. సంగతి చెప్పేసరికి ముఖం మారిపోయింది.

"వాళ్ళకు ముందు వీధి ఉండాది గదక్కా. నేనేమన్నా వాళ్ళను ఇంట్లో పెట్టి తాళమేసినానా?"

కూసాలు నాటిన రోజుల్లో పెదనాయన అన్నదీ ఇదే. భాస్కరకు ఆ సంగతి తెలియదు. "ఆ వీధిలో బండి పోతాదా?" అన్నాను.

"దోవ వదిలితే జాగా రెండు ముక్కలైతాది. కొనేవాడు వద్దంటాడు. నాకు ఇంక మట్టి పిసికే ఓపిక లేదు. అవ్వ ఎవురికో మాటిస్తే దానికి నేను కట్టుబడాల్నా?"

"అవ్వ ఊరికే ఇయ్యలేదు. మనం వాళ్ళ సందులో నడిచినన్నాళ్ళూ నడిచినాం. నువ్వు బడికి పోయింది ఆ సందులోనే."

భాస్కర గోడకు కట్టిన తాడు ముడి విప్పి మళ్ళీ కట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అమ్మ మంచాన పడినప్పుడు ఎవురు సూసినారక్కా?"

"నువ్వే సూసినావు. సుజాత సూసింది."

"మరి నా పక్క నిలబడాల్సిన దానివి ఆ పక్క యాల నిలబడతావు?"

అప్పట్లో నేను కుప్పం ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీలు చేసుకుంటుంటే అమ్మకు ఒళ్ళు తుడిచిందీ, ముద్దలు తినిపించిందీ వాడూ వాడి భార్యా. నా వాటా ఏమీ అడగనని నాకు నేనే అనుకున్నాను. ఎన్నడూ అడగలేదు కూడా. ఆ పూట మాత్రం, "దోవ వదిలి రాయిస్తేనే నేను సంతకం పెట్టేది" అన్నాను. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. వాడు బస్సు దాకా రాలేదు.

ఆ తర్వాతి వారాలు నాకు నిద్ర పట్టలేదు. ఫోను తీయడం, తమ్ముడి పేరు దగ్గర ఆగడం, పెట్టేయడం. చేసింది తప్పని అనుకోలేకపోయాను, ఒప్పని నిమ్మళంగా కూర్చోనూ లేకపోయాను. మా నాయన కాలంలో మనిషి మీద కోపంతో దోవ మూశారు. పొద్దున లేస్తే ఆ మనిషి ముఖమే కనబడేది, ఏదో ఒకనాటికి అది కోపాన్ని అరగదీసేది. భాస్కరకు రాజేశ్వరి మీద కోపం లేదు. ఎదురైతే పలకరిస్తాడు, ఆమె మనవరాలికి బిస్కెట్లు కొనిస్తాడు. వాడికి కొలతలు కావాలి, అంతే. కోపం లేకుండా కట్టిన గోడను తీయించడానికి ఎవరిని బతిమాలాలో నాకు తెలియలేదు. మా అవ్వకు లారీ ముందు నిలబడి రమ్మంటే సరిపోయింది. నాకు సంతకం ఆపి పట్టాల్సి వచ్చింది, తమ్ముణ్ణి బాధపెట్టాల్సి వచ్చింది.

కొనేవాళ్ళు చివరికి దోవను ఒక పక్కకు జరిపితే చాలన్నారు. గోడ కొంత మేర పడగొట్టారు. పుంగనూరులో రిజిస్ట్రేషను ఆఫీసులో దోవ రాయించిన పత్రం మీద నేను సంతకం పెట్టి వేలిముద్ర వేస్తుంటే భాస్కర కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. పని కాగానే బండెక్కి వెళ్ళిపోయాడు. పండగకు ఫోను చేయలేదు. నేను చేస్తే సుజాత ఎత్తి, బయటికి పోయినాడొదినా అని చెప్పేది.

పోయిన నెల రాజేశ్వరి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నామని పిలిస్తే వెళ్ళాను. కొత్త రోడ్డు మీద బస్సు దిగితే, దోవలో టమోటా క్రేట్లతో బండి ఎదురొచ్చింది. పక్కకు తప్పుకుని నడిచాను. మా ఇంటి వెనక వాకిలి ఆ దోవకే ఉంది. భాస్కర అక్కడ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు, లేచి లోపలికి పోయాడు. ముందుకు పోదామా, ఆగుదామా అని నేను తచ్చాడుతుండగా సుజాత చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"లోపలికి రా వదినా, ఎండలో నిలబడితివే" అంది.

ఇంట్లోంచి భాస్కర గొంతు వినబడింది. "అక్క అన్నం తినిందో లేదో అడుగు."

సుజాత నా వైపు చూసింది. నేను నీళ్ళు తాగి చెంబు చేతికిచ్చి, లోపలికి వినబడేట్టుగానే అన్నాను.

"తినలేదని చెప్పమ్మా."